బెజవాడ కళలను కాలినడకన చూడటం ఎలా?

విజయవాడ అనగానే చాలామందికి అమ్మవారి దర్శనం, రైలు మారడం, బీసెంట్ రోడ్డులో బట్టలు కొనడం గుర్తొస్తాయి. కచేరీ వినాలంటే చెన్నై వెళ్లాలనీ, మంచి నాటకం చూడాలంటే హైదరాబాద్ వెళ్లాలనీ ఇక్కడివాళ్లే అంటుంటారు. ఆ మాట నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ చిన్నప్పుడు గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నది ఈ ఊళ్లోనే. 2021లో పద్మశ్రీ అందుకున్న సంగీత కళాకారుల్లో ఇద్దరు, వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి, మృదంగ విద్వాంసురాలు దండమూడి సుమతి, ఈ ఊరివాళ్లే.

ఇక్కడ కళలన్నీ ఒకే పేటలో బోర్డు పెట్టుకుని కనిపించవు. గ్రంథాలయం హాలులో ఒక నాటిక, గుడి మండపంలో ఒక కచేరీ, పాత పుస్తకాల షాపులో ఒక అరుదైన స్వరలిపి పుస్తకం ఉంటాయి. వాటిలో చాలావాటికి టికెట్ కూడా ఉండదు. బండి మీద పోతుంటే ఇవేవీ కంటపడవు. నడవాలి, అదీ సాయంత్రం పూట నడవాలి. ఎలా మొదలుపెట్టాలో వరుసగా చెబుతాను.

ముందు ఊరి నక్షా మనసులో పెట్టుకోండి

కొత్తవాళ్లు దారులన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రెండు రోడ్లు తెలిస్తే చాలు. పోలీస్ కంట్రోల్ రూమ్ దగ్గర నుంచి ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు చాచిన రెండు వేళ్లలా విడిపోతాయి. ఏలూరు రోడ్డుకి కార్ల్‌మార్క్స్ రోడ్డనీ, బందరు రోడ్డుకి మహాత్మాగాంధీ రోడ్డనీ పేర్లున్నా, దారి అడిగేటప్పుడు పాత పేర్లే చెప్పండి. ఈ రెండింటి మధ్య గవర్నర్‌పేట ఉంది. ఏలూరు రోడ్డుకి అవతల, రైల్వే స్టేషన్ వైపు గాంధీనగర్, ఇంకా ముందుకెళ్తే సత్యనారాయణపురం, దుర్గాపురం. బందరు రోడ్డు మీద తూర్పుగా వెళ్తే లబ్బీపేట, బెంజ్ సర్కిల్. మనకు కావలసినవి ఎక్కువగా ఈ పరిధిలోనే దొరుకుతాయి.

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా నడకకి అనువైన కాలం. కార్యక్రమాలు ఎక్కువగా ఉండేది కూడా అప్పుడే. దసరాకి ఇంద్రకీలాద్రి దగ్గర నవరాత్రుల్లో రోజూ పాటలు, నృత్యాలు ఉంటాయి. 2023 డిసెంబర్‌లో కేంద్ర పర్యాటక శాఖ కృష్ణవేణి సంగీత నీరాజనం అని మూడు రోజుల ఉత్సవం ఈ ఊళ్లోనే మొదలుపెట్టింది. జనవరి ఆరంభంలో పుస్తక మహోత్సవం జరుగుతుంది. పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధన. మే నెలలో మాత్రం మధ్యాహ్నం నడక పెట్టుకోకండి. బెజవాడ ఎండతో పంతం పనికిరాదు.

నడకకి ముందు చెవిని సిద్ధం చేసుకోండి

ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. విజయవాడ సంగీతాన్ని నిలబెట్టింది రేడియో. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, ఓలేటి వెంకటేశ్వర్లు, బాలమురళీకృష్ణ, అన్నవరపు రామస్వామి, దండమూడి రామమోహనరావు లాంటివాళ్లు అక్కడ పనిచేశారు. పొద్దున్నే వచ్చే భక్తిరంజని వింటూ పెరిగిన ఇళ్లు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో లెక్కలేనన్ని. ఓలేటి వారు నడిపిన సంగీత శిక్షణ కార్యక్రమం విని, గురువు ఇంటికి వెళ్లే వీలులేనివాళ్లు కూడా కృతులు నేర్చుకున్నారు. ఒక పంక్తి ఆయన పాడటం, శిష్యులు దాన్నే తిరిగి పాడటం, తప్పితే మళ్లీ పాడించడం, అంతా రేడియోలోనే.

మీ ఊరి నుంచి బయల్దేరే ముందు ఓ వారం పాటు పొద్దున కాసేపు విజయవాడ కేంద్రం వినండి. పాత రేడియో సెట్టు ఉంటే మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్. లేకపోతే ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో దొరుకుతుంది. ఓలేటి, బాలమురళి పాత రికార్డింగులు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. ఒకే కృతిని ఇద్దరూ పాడింది విని చూడండి. రాగం పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. చెవికి ఒక అలవాటు పడితే హాలులో కూర్చున్నప్పుడు మీరు కొత్తవాళ్లలా బిగుసుకుపోరు.

ఆ రోజు ఎక్కడ ఏముందో కనుక్కోండి

పొద్దున టీ తాగేటప్పుడే ఈ పని అయిపోవాలి. తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ఆ రోజు నగరంలో జరిగే కార్యక్రమాల జాబితా ఒక మూల చిన్న అక్షరాల్లో వేస్తారు. వేదిక, సమయం, కళాకారుల పేర్లు అందులో ఉంటాయి. ఇంటర్నెట్‌లో వెతికితే పెద్ద సినిమా గాయకుల షోలే ముందు కనబడతాయి. చిన్న సభల సంగతి పేపర్లోనే దొరుకుతుంది. రెండో దారి, హాలు గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీలు చూడటం. మూడోది, హాలు వాచ్‌మన్‌ని అడగడం. వారం రోజుల బుకింగులు ఆయనకి నోటికి వచ్చి ఉంటాయి.

ఆహ్వాన పత్రిక మీకు రాలేదని మొహమాటపడకండి. "అందరూ ఆహ్వానితులే" అని వేస్తే అందులో మీరూ ఉన్నట్టే. సాయంత్రం ఆరు గంటలకని వేస్తే దీపప్రజ్వలన, సన్మానం, ప్రసంగాలు అయ్యేసరికి ఏడు దాటవచ్చు. అయినా ఆరుంబావుకే వెళ్లి కూర్చోండి. ఆ ప్రసంగాల్లోనే ఆ కళాకారుడి గురువు ఎవరు, ఏ ఊరివారు, ఎంత కష్టపడి పైకి వచ్చారు అన్న కబుర్లు దొర్లుతాయి. అవి ఏ పుస్తకంలోనూ ఉండవు.

మొదటి నడక: గాంధీనగర్ నుంచి కళాక్షేత్రం దాకా

సాయంత్రం నాలుగున్నరకి రైల్వే స్టేషన్ నుంచి గాంధీనగర్ వైపు బయటికి రండి. బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని నడక మొదలుపెట్టడం ఈ ఊరి పద్ధతి. గాంధీనగర్ ఒకప్పుడు తెలుగు సినిమా పంపిణీదారుల అడ్డా. 1921లోనే మారుతి సినిమా హాలు వెలిసిన ఊరిది. నవయుగ లాంటి పెద్ద పంపిణీ సంస్థ ఇక్కడే పుట్టింది. ఏ సినిమా ఎన్ని వారాలు ఆడుతుందో ఈ వీధుల్లోని ఆఫీసుల్లో లెక్కలు కట్టేవారు. పాత థియేటర్ల ముందు రెండు నిమిషాలు ఆగి, గోడల మీది అక్షరాల తీరు గమనించండి. బ్రష్షుతో బ్యానర్లు రాసిన చిత్రకారుల పనితనం కొన్ని పాత షాపుల బోర్డుల మీద ఇంకా కనబడుతుంది.

గాంధీనగర్‌లోనే హనుమంతరాయ గ్రంథాలయం ఉంది. పేరుకి గ్రంథాలయం, కానీ దాని హాలులో నాటకాలు, సాహిత్య సభలు జరుగుతుంటాయి. లోపలికి వెళ్లి రాబోయే కార్యక్రమాలు ఏమిటో అడిగి రాసుకోండి.

అక్కడి నుంచి ఏలూరు రోడ్డెక్కి లెనిన్ సెంటర్‌కి రండి. లెనిన్ విగ్రహం దగ్గర పాత పుస్తకాల షాపులుంటాయి. పోటీ పరీక్షల గైడ్ల వెనక చెయ్యి పెట్టి వెతకాలి. పాత వారపత్రికలు, నాటక పుస్తకాలు, కీర్తనల సంకలనాలు, ఎవరో ఇంట్లో పెద్దాయన పోయాక అమ్మేసిన సంగీత పాఠ పుస్తకాలు బయటపడతాయి. మార్జిన్లలో పెన్సిలుతో రాసుకున్న గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) గుర్తులు ఉన్న పుస్తకం దొరికితే బేరం ఆడకుండా కొనేయండి. కొత్త పుస్తకాలకి ఏలూరు రోడ్డు మీదే విశాలాంధ్ర పుస్తకాల షాపు ఉంది. తెలుగు ప్రచురణ రంగానికి చాలాకాలం ఈ రోడ్డే గుండెకాయ.

తర్వాత గవర్నర్‌పేటలోకి తిరగండి. అక్కడ రామమోహన గ్రంథాలయం ఉంది. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది అందులోనే. ఊరూరా గ్రంథాలయం పెట్టాలన్న ఉద్యమం అలా మొదలైంది. ఈ ఊళ్లో గ్రంథాలయాలే నాటకశాలలు, సభామందిరాలు ఎందుకయ్యాయో ఆ భవనం ముందు నిలబడితే తెలుస్తుంది. బీసెంట్ రోడ్డు రద్దీ దాటుకుని కంట్రోల్ రూమ్ వైపు వస్తే తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం. ఊరికి పెద్ద వేదిక ఇదే. పదకర్త క్షేత్రయ్యది కృష్ణా జిల్లా మొవ్వ, కూచిపూడి పక్కనే. ఆయన పదాలకి అభినయం పట్టే కూచిపూడి నర్తకి ఆయన పేరున్న వేదిక మీద ఆడుతుంటే చూడటానికి వీలైతే, ఆ రోజు మిగతా పనులన్నీ మానుకుని రండి.

హాలులో కూర్చోవడం ఎలా

ఇది మీకు ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందు వరుసలు అతిథులకి వదిలేసి, నాలుగైదు వరుసల వెనక మధ్యలో కూర్చోండి. స్పీకర్‌కి ఎదురుగా కూర్చుంటే మృదంగం తప్ప ఇంకేమీ వినపడదు. చెప్పులు బయట విప్పాలా వద్దా అన్నది ముందున్నవాళ్లని చూసి తెలుసుకోండి. గుడి మండపాల్లో తప్పకుండా విప్పాలి.

కచేరీ ఎక్కువగా వర్ణంతో మొదలవుతుంది. గొంతు, చేయి కుదురుకునేందుకు అది. తర్వాత రెండు మూడు చిన్న కృతులు. ఆ పైన ఒక రాగాన్ని తీరిగ్గా, మాటలు లేకుండా, మెల్లగా పైకి తీసుకెళ్తూ ఆలపిస్తారు. ఆలాపన బాగా సాగి, దాన్నే వయొలిన్ కూడా తన వంతుగా వాయిస్తే, ఆ రోజు ప్రధాన కృతి అదేనని చాలావరకు అనుకోవచ్చు. కృతిలో ఒక పంక్తిని పట్టుకుని రకరకాలుగా పాడితే నెరవు. సరిగమలతో అల్లితే స్వరకల్పన. గాయకుడు అన్న స్వరాన్ని వయొలిన్ వెంటనే తిరిగి చెబుతుంది. ఆ ఇద్దరి కళ్లు గమనించండి. ముందే అనుకుని వచ్చింది కాదని, అక్కడికక్కడ పుడుతోందని అర్థమవుతుంది.

తాళం వేయడం నేర్చుకుంటే వినడం ఎంతో మారుతుంది. ఎక్కువ కృతులు ఆదితాళంలో ఉంటాయి, ఎనిమిది లెక్కలు. అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క. అక్కడికి నాలుగు. తర్వాత దెబ్బ, చేయి తిప్పడం. మళ్లీ దెబ్బ, తిప్పడం. ఎనిమిది అయ్యాయి. హాలులో పెద్దవాళ్ల చేతుల్ని చూస్తూ వాళ్లతో కలిపి వేయండి. తప్పితే ఆగి, వాళ్ల దెబ్బతో మళ్లీ మొదలుపెట్టండి, టెన్షన్ పడకండి. ప్రధాన కృతి తర్వాత తని ఆవర్తనం వస్తుంది. మృదంగం, ఘటం మాత్రమే వాయిస్తాయి. చాలామంది అప్పుడే లేచి టీకి పోతారు. దయచేసి మీరు పోకండి. ఎనిమిది లెక్కలు వేస్తూ కూర్చుంటే, మృదంగం ఎంత దూరం వెళ్లి ఎంత కచ్చితంగా సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చి వాలుతుందో మీ చేతికే తెలుస్తుంది.

లేచి వెళ్లాల్సి వస్తే ఒక పాట అయ్యాక చప్పట్లు పడుతుండగా వెళ్లండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. కచేరీ మొత్తం రికార్డు చేయకండి. చేయాలనిపిస్తే నిర్వాహకుల్ని అడగండి. అయిపోయాక వేదిక దగ్గరికి వెళ్లి కళాకారులతో ఒక మాట మాట్లాడండి. "ఆ మూడో పాట ఏ రాగమండీ" అని అడిగితే చాలు, ఎంతో సంతోషంగా చెబుతారు. చిన్నవయసు కళాకారులకైతే ఆ మాట ఇంకా అవసరం. పెద్ద పేరున్నవాళ్ల కచేరీకి హాలు నిండుతుంది. మొదటి అరగంట పాడే కుర్రవాళ్లకి, పాపలకి కుర్చీలే శ్రోతలు. ఆ అరగంటకి వెళ్లండి.

నాటకం రోజున

నాటకానికి మర్యాదలు కొంచెం వేరు. పౌరాణిక పద్యనాటకంలో పద్యం బాగా పండితే వన్స్‌మోర్ అని కేకలు వేయడం మన ప్రేక్షకుల పాత హక్కు. నటుడు మళ్లీ రాగం తీసి పాడతాడు. రాయబారం, కాటిసీను ఉన్న రోజు పల్లెల నుంచి కూడా జనం వస్తారు. హార్మోనియం ఎవరు వాయిస్తున్నారో చూసి మరీ వచ్చేవాళ్లున్నారు. ఆధునిక నాటికలకి మాత్రం నిశ్శబ్దంగా ఉండాలి. నాటక పరిషత్తు పోటీల్లో రోజుకి రెండు మూడు నాటికలు వరుసగా వేస్తారు. సుమధుర కళానికేతన్ వారి హాస్య నాటికల పోటీలు ఈ ఊరికి బాగా అలవాటైన పండగ. ఒకే సాయంత్రం రెండు మూడు ఊళ్ల సమాజాల పనితనం పక్కపక్కన చూడొచ్చు కాబట్టి, కొత్తగా నాటకం చూసేవాళ్లకి పరిషత్తే మంచి బడి అని నేను గట్టిగా చెబుతాను. సెట్టు మార్చే విరామంలో తెర పక్కకి వెళ్లి చూడండి, ఎవరూ కాదనరు. పగలు ఉద్యోగం చేసి రాత్రి మేకప్ వేసుకునే మనుషులు వీళ్లు.

రెండో నడక: సంగీత కళాశాల చుట్టుపక్కల

దుర్గాపురంలో ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. దీనికి తొలి ప్రిన్సిపాల్ బాలమురళీకృష్ణ. తరగతులు జరిగే వేళ ఆ గేటు దగ్గరికి వెళ్తే ఒక గదిలో వీణ, ఒక గదిలో మృదంగం జతులు, ఇంకో గదిలో కూచిపూడి అడుగుల చప్పుడు కలిసి వినిపిస్తాయి. ఆఫీసులో అనుమతి అడిగి లోపలికి వెళ్లండి, పిల్లలు నేర్చుకుంటుంటే ఫొటోలు తీయకండి. ఇక్కడ చేరడానికి ఏం కావాలో కూడా అడగొచ్చు. పెద్దవాళ్లయ్యాక వీణ పట్టుకున్నవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. ఫిబ్రవరి 11 ఘంటసాల వర్ధంతి, డిసెంబర్ 4 జయంతి. ఆ రోజుల్లో ఊళ్లో ఆయన పాటలు, పద్యాలు పాడేవాళ్లని వెతుక్కోనక్కర్లేదు.

అక్కడి నుంచి సత్యనారాయణపురం దగ్గరే. ఒకప్పటి రైలు పట్టాల జాగాలో వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు నడకకి వెడల్పుగా ఉంటుంది. అసలు పని లోపలి వీధుల్లో. సాయంత్రం ఇళ్లలో పిల్లలకి సంగీతంలో తొలి పాఠాలైన సరళీస్వరాలు చెబుతుంటారు. బాలమురళి గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు త్యాగరాజస్వామి శిష్య పరంపరలోవారు. ఆయన కాలం నుంచి ఈ ఊళ్లో పాట ఇంట్లోనే నేర్చుకోవడం అలవాటు. ఆరాధన రోజు పొద్దున నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని ఘనరాగ పంచరత్నాల్ని వయసుతో పని లేకుండా అందరూ గుంపుగా కూర్చుని పాడతారు. సాహిత్యం పుస్తకం పట్టుకుని వెనక వరుసలో మీరూ గొంతు కలపండి.

మూడో నడక: బందరు రోడ్డు

దీన్ని ఆదివారం పొద్దున పెట్టుకోండి, ట్రాఫిక్ తక్కువ. కంట్రోల్ రూమ్ నుంచి తూర్పుకి నడిస్తే బాపు మ్యూజియం వస్తుంది. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవ జ్ఞాపకంగా పునాది వేసిన భవనం. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా చూపించిన కాంగ్రెస్ సమావేశాలు ఈ చోటే జరిగాయి. లోపలి రాతి శిల్పాల్లో అల్లూరు బుద్ధుడి దగ్గర ఎక్కువసేపు ఆగండి. తెల్లటి పాలరాయిలాంటి సున్నపురాయిలో వస్త్రం ముడతలు చెక్కిన తీరు చూడాలి. ఇంకా ముందుకి వెళ్తే పున్నమ్మతోటలో ఆకాశవాణి. లోపలికి ఊరికే పోనివ్వరు. బయటి నుంచే ఒక నమస్కారం పెట్టుకుని సాగండి.

ఓపిక ఉంటే మొగల్రాజపురం వైపు తిరగండి. కొండ తొలిచిన గుహాలయాలున్నాయి. ఇళ్ల మధ్యలో ఇరుక్కుపోయి కనిపిస్తాయి. సాయంత్రమైతే దగ్గర్లోని సిద్ధార్థ ఆడిటోరియంలో సిద్ధార్థ కళాపీఠం వారి కార్యక్రమం ఉందేమో పేపర్లో చూసుకుని వెళ్లండి. ఉండవల్లి గుహలకి ప్రకాశం బ్యారేజీ మీదుగా నడిచి వెళ్లాలనుకునేవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరాలి. బ్యారేజీ పొడవే 1.2 కిలోమీటర్లు దాటుతుంది, ఆ తర్వాతి దూరానికి ఆటో ఎక్కడం మేలు.

ఖర్చు, తిరుగుదారి

చాలా సభలకి ప్రవేశం ఉచితం. అందుకని చేతులు ఊపుకుంటూ రావద్దు. హాలు అద్దె, మైకు, కళాకారుల దారి ఖర్చులు నిర్వాహకులు తలా కొంత వేసుకుని భరిస్తారు. విరాళం పెట్టె ఉంటే మీకు తోచింది వేయండి. గుమ్మం దగ్గర కళాకారుడి సీడీనో పుస్తకమో అమ్ముతుంటే ఒకటి కొనండి.

సభలు తొమ్మిదికి అటూఇటూ ముగుస్తాయి. కళాక్షేత్రం దగ్గర నుంచి బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు రెండు వైపులా బస్సులు, ఆటోలు దొరుకుతాయి. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు కాలువ గట్టు దారులు వదిలేసి పెద్ద రోడ్ల మీదే నడవండి. పక్క సీట్లోని పెద్దావిడతో పరిచయం చేసుకుంటే ఆటో కలిసి మాట్లాడుకోవచ్చు. లేచే ముందు నిర్వాహకుల దగ్గరున్న రిజిస్టర్లో మీ ఫోన్ నంబర్ రాసి, వాట్సాప్‌లో కార్యక్రమాల వివరాలు పంపమని చెప్పండి. వచ్చే నెల ఆహ్వానం పేపర్ కన్నా ముందే మీకు చేరుతుంది.